వెనక సీటు

ముస్తఫా లుంగీల మూటను మోకాలితో అదిమిపెట్టి, పాత ట్యూబు రబ్బరుతో బండికి బిగిస్తున్నాడు. గవర్నర్‌పేట హోల్‌సేలు కొట్లలో లుంగీలు, తువ్వాళ్లు తెచ్చి హనుమాన్ జంక్షన్ దాకా చిన్న కొట్లకు వెయ్యడం అతని పని. ఎండకు మెడ మాడిపోయింది, ఎక్సలేటరు తిప్పీ తిప్పీ కుడి అరచెయ్యి కాయ కాసింది.

బండి మంచిది. తారు రోడ్డయినా కాలవ గట్టయినా ఒకటే నడక. ఊళ్లోకీ అదే, ఏలూరు ప్రయాణానికీ అదే. అటువంటి బండి ఖాళీగా తిరిగితే నష్టమని, కొన్న ఏడాదికే ఆటోనగర్‌లో వెనక సీటు పీకించి ఇనప క్యారియరు వేయించాడు. ఆ బేరంలో పోయింది భార్య సుగ్రా కూర్చునే చోటు. అప్పుడది లెక్కలోకి రాలేదు.

సుగ్రా గుమ్మం పట్టుకుని ఆయాసపడుతూ నిలబడింది.

"గన్నవరంలో చెల్లి గుల్షన్‌ని చూసొస్తానండీ. మీ దారేగా?"

"మూటలున్నాయి కదే. బస్సులో వెళ్లు. సాయంత్రం ఖాళీగా వస్తా, ఎక్కించుకుంటా."

"క్యారియరు మీదా?"

"రాణిగారికి పల్లకీ తెస్తా."

సుగ్రా నవ్వింది. ఆ నవ్వు దారి పొడుగునా అతన్ని గుచ్చుతూనే ఉంది. ఈ బండి మీద ఎవరెవరి సరుకో మోశాడు. ఆమెను ఎప్పుడు ఎక్కించుకున్నాడో గుర్తు రాలేదు.

సాయంత్రం జంక్షన్‌లో కొట్టు జక్కయ్య అమ్ముడుపోని తువ్వాళ్లు ముందుకు తోశాడు.

"ఖాళీగా పోతున్నావుగా, పట్టుకుపో."

"రేపు..."

"ఏం, ఇవాళ పెళ్లాన్ని షికారు తిప్పుతున్నావా?"

కొట్లో వాళ్లంతా నవ్వారు. అవునంటే పోయేది. ముస్తఫా కూడా వాళ్లతో కలిసి నవ్వి, మూట కట్టేశాడు.

గన్నవరంలో మరదలి ఇంటి ముందు బండి ఆగేసరికి సుగ్రా లోపలి నుంచి గబగబా వచ్చింది. క్యారియరు మీద మూట చూసి ఆగింది.

"నాకంటే ఆ తువ్వాళ్లే మీకు దగ్గర చుట్టాలండీ."

"బస్సెక్కు. నీకంటే ముందే ఇంటి దగ్గరుంటా."

"మీరెప్పుడూ ముందేలెండి," అంది.

నిజంగానే అతనే ముందు చేరాడు. రామవరప్పాడు దాటాక సుగ్రా కిటికీకి తల ఆనించిందట. బస్టాండులో అందరూ దిగిపోయాక, నిద్రపోతోందనుకుని కండక్టరు లేపబోయాడు.

పోయినవాళ్ల కోసం చేసే మూడో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక ముస్తఫా గన్నవరం వెళ్లాడు. ఇన్నేళ్లలో ఇంటి నుంచి క్యారియరు ఖాళీగా ఆ రోడ్డెక్కడం అదే మొదలు. తిడితే బాగుండుననుకున్నాడు. గుల్షన్ తిట్టలేదు. లోపలికెళ్లి చిన్న పరుపు ముక్కలాంటిది తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఇనుము గుచ్చుకుంటుందని పొద్దంతా కూర్చుని కుట్టింది, దూల్హాభాయ్. మీ మూట చూసి వెనక్కొచ్చి నా చేతిలో పెట్టేసింది."

పాత తువ్వాళ్లు మడతపెట్టి కుట్టిన మెత్త అది. క్యారియరుకు కట్టుకోవడానికి మూడు మూలల్లో నాడాలున్నాయి. బండి చప్పుడు వినబడినప్పుడు వదిలేసిన నాలుగో మూలలో సూది, దారంతో సహా గుచ్చే ఉంది.