లామా ఇచ్చిన బియ్యం

"ఈ ఎండ చూశావా? ఇంకా ఏడు కూడా కాలేదు, అప్పుడే గోడెక్కి కూర్చుంది. పైన మంచు మెత్తబడిపోతుందయ్యా. నాకెందుకో మనసు మంచిగా లేదు."

పొయ్యి దగ్గర వెన్న టీ తాగుతున్న ఛెవాంగ్ తలెత్తలేదు. "నిన్న మబ్బు పట్టిందని ఏడ్చావు. మొన్న గాలి వీచిందని ఏడ్చావు. ఎండా వద్దు, మబ్బూ వద్దు, గాలీ వద్దంటే ఇక ఆ కొండనే తీయించాలి."

"తీయించు. నీకు పుణ్యముంటుంది" అంది డోమా.

కూతురు యాంగ్జీ అయిదు రోజుల కిందట బేస్ క్యాంపుకి వెళ్ళింది. ప్రపంచంలోకెల్లా ఎత్తైన చోమోలుంగ్మా కొండ పాదం దగ్గరి మంచుగుట్టలను ఆ పిల్ల మొదటిసారి దాటేది ఈరోజే. వీపు మీద తాళ్ళ మోపుతో, ఒక్కొక్క పగులు మీదా వేసిన నిచ్చెన మీదుగా, పైనున్న మొదటి శిబిరానికి చేరాలి. ఇళ్ళంత మంచు దిమ్మలు ఆ దారిలో అడుగు కదలకుండా నిలబడి ఉంటాయి. ఎప్పుడు కదులుతాయో ఎవరికీ తెలియదు.

ఛెవాంగ్ ఏడుసార్లు పైదాకా వెళ్ళొచ్చాడు. అతని ఎడమచేతి రెండు వేళ్ళ కొసలు అక్కడే ఉండిపోయాయి. పదిహేనేళ్ళప్పుడు యాంగ్జీ అడిగింది, అక్కడ ఏముంటుంది నాన్నా అని. "ఏమీ ఉండదు. గాలి ఉంటుంది. కానీ ఎక్కాల్సింది ఇంకేమీ మిగలదు" అన్నాడతను. ఆ మాట విన్నప్పుడు కూతురి కళ్ళు ఎలా మెరిశాయో డోమా చూసింది. ఆ రోజు నుంచే భయం మొదలైంది.

కూతురు తిరిగొచ్చేసరికి బార్లీ కల్లు, చాంగ్, సిద్ధంగా ఉండాలని పొద్దున్నే బార్లీ ఉడికించి చాప మీద ఆరబెట్టింది. పులియబెట్టే బిళ్ళల పొడి కోసం అటక మీది మూట దించి ముడి విప్పబోయింది. ఒక ముడి కాదు, మూడు. ఊడిపోతుందేమోనని ఏ మూటకైనా ఆమె మూడు ముళ్ళు వేస్తుంది. మూడోది విడిపోగానే అరచేతిలోకి బియ్యం రాలాయి. పసుపు కలిపిన బియ్యం.

డోమా మూటను వెలుతురుకెత్తి చూసింది.

అవి గొంపా మఠంలో లామా మంత్రించి ఇచ్చిన బియ్యం. మంచుగుట్టల్లో భయమేసే ప్రతిచోటా నాలుగు గింజలు చల్లి దేవతను అడిగి దాటాలి. ఎలుకలు కొరుకుతాయేమోనని వాటిని అటకెక్కించింది తనే. ఒకే పాత దుప్పటి చింపి రెండు మూటలూ కట్టింది తనే. బయల్దేరే హడావుడిలో కూతురి జేబులో ఒకటి కుక్కింది కూడా తనే.

"దాని జేబులో చాంగ్ బిళ్ళల పొడి ఉందయ్యా!"

ఛెవాంగ్ నవ్వబోయి, భార్య ముఖం చూసి ఆగాడు. "చల్లకపోతే ఏమవుతుంది? బేస్ క్యాంపులో పూజ చేశారుగా."

"నీ వేళ్ళు పోయినప్పుడు ఏం చేశావు? బియ్యం చల్లడం మరిచిపోయానని నువ్వేగా చెప్పావు!"

అతను టీ గిన్నె కింద పెట్టేశాడు.

డోమా మూట పట్టుకుని పక్కనే ఆడపడుచు నిమ్డికి నడిపే లాడ్జికి పరుగెత్తింది. పైవాళ్ళ మాటలు వినిపించే వాకీటాకీ ఊళ్ళో ఆ ఇంట్లోనే ఉంది. దానికొక కట్టుబాటు ఉంది: ఇళ్ళల్లో వాళ్ళు వినాలే తప్ప మాట్లాడకూడదు. అమ్మల గొంతు వింటే కాళ్ళు తడబడతాయని పైవాళ్ళు అంటారు.

"రా వదినా రా. ఈరోజు కొండ పడిందా, ఆకాశం పడిందా?" అని నిమ్డికి ఎకసెక్కెం చేసింది. "కూర్చో. ఆలుగడ్డ రొట్టె తిను. నీ కూతురికి నీకన్నా..."

వాకీటాకీ గరగరమంది. బేస్ క్యాంపు నుంచి జట్టు పెద్ద కామీ గొంతు.

"మంచు కూలింది. రెండో నిచ్చెన దగ్గర. దారిలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే పేరు చెప్పండి."

ఒక గొంతు పలికింది. ఇంకొకటి. మూడోది, నాలుగోది. యాంగ్జీ జట్టులో ఉన్నది అయిదుగురు.

"యాంగ్జీ ఏదిరా?" అన్నాడు కామీ.

"మాకంటే ముందు వెళ్ళిందన్నా. మంచుపొడి కమ్మేసింది, అడుగు దూరం కూడా కనబడటం లేదు."

"యాంగ్జీ. యాంగ్జీ, పలుకు."

గరగర తప్ప ఏమీ లేదు. నిమ్డికి పెనం మీది రొట్టె మాడుతోంది. ఆమె దాన్ని తిప్పలేదు. మాడు వాసన తగిలితే కొండ దేవతకు కోపమొస్తుందని గుర్తొచ్చి, గబుక్కున పెనాన్ని దించేసి వదిన పక్కన కూలబడింది. ఇందాకటి నవ్వు ఆ ముఖంలో లేదు.

కామీ మళ్ళీ పిలిచాడు. పదిసార్లు పిలిచాడేమో. ఆ తర్వాత పిలవడం మానేశాడు. అదే డోమాకు అన్నిటికన్నా భయమనిపించింది. పిలిచేవాడే మానేస్తే ఇంక ఎవరు పలుకుతారు?

గుమ్మంలో ఛెవాంగ్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. లోపలికొచ్చి, డోమా ఒడిలోని మూటలో చెయ్యి పెట్టి, కొసల్లేని ఆ వేళ్ళతో బియ్యం తీసి, కొండవైపు చల్లాడు. గింజలు సగం అతని చెప్పుల మీదే పడ్డాయి. మళ్ళీ తీశాడు.

ఆమె లేచి వాకీటాకీ అందుకుంది.

"వదినా, వద్దు..." అంది నిమ్డికి. కానీ చెయ్యి పట్టుకోలేదు.

"యాంగ్జీ. నేనే, అమ్మని. తప్పు నాదే తల్లీ, మూట మార్చేశాను. నువ్వు కోప్పడినా సరే, తిట్టినా సరే. పలుకు."

బటన్ వదిలింది. గరగర. ఎండ గోడ దిగి నేల మీదికి వచ్చింది. బయట ఎవరిదో జడలబర్రె మెడగంట మోగి ఆగింది. డోమా మళ్ళీ నొక్కలేదు. మళ్ళీ పిలిచి, మళ్ళీ పలక్కపోతే, అప్పుడు నిజమైపోతుందని భయం. ఆ నల్లటి పెట్టెను రెండు చేతులతో గుండెకు అదుముకుని కూర్చుంది. టీ కెటిల్ పొంగి, బొగ్గులు చుయ్యిమని ఆరిపోయాయి. ఎవరూ చూడలేదు.

ఎంతసేపో.

టక్కుమంది.

ముందు ఊపిరి వినిపించింది. పరుగెత్తి వచ్చినవాళ్ళ ఊపిరిలా. ఆ తర్వాత దగ్గు. ఆ తర్వాత గొంతు.

"ఏం కట్టిచ్చావమ్మా ఇది? రెండో నిచ్చెన ముందు చల్లుదామని విప్పితే చేతినిండా చాంగ్ కంపు. ఈ కంపు చల్లి దేవత ముందు నుంచి ఎలా వెళ్ళనూ? వెనకవాళ్ళ దగ్గర నాలుగు గింజలు అడుగుదామని ఆగాను. ఆగిన చోటే ఉన్నాను. వేళ్ళు వణికి బటన్ నొక్కలేకపోయాను, అంతే." ఊపిరి తీసుకుంది. "ఆ నిచ్చెన ఇప్పుడు లేదమ్మా."