సిగ్నల్ లేని ఊరు

మంగళవారం ఉదయం 7.40కి దేశ రాజధానిలో, మునిర్కా దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక వాటర్ ట్యాంకర్ ఉదయ్‌కిరణ్ బైకును ఢీకొట్టింది. అతనికి ఇరవై రెండేళ్లు, ఎంఏ చదువుతున్నాడు. ఫోను చక్రం కింద నలిగింది.

అప్పటికి అతని తల్లిదండ్రులు శేషగిరి, సుభద్ర గ్రీసులో ఒక చిన్న దీవిలో ఉన్నారు. ఆ సంగతి కొడుక్కి తప్ప ఎవరికీ తెలియదు. శేషగిరి కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసర్. విదేశం వెళ్లాలంటే శాఖ అనుమతి కావాలి. కిందటేడు ఫైలు కదల్లేదు, టికెట్లు రద్దు చేసుకున్నారు. ఈసారి సెలవు చీటీలో రాజమండ్రి, మేనకోడలి పెళ్లి అని రాశాడు. ఆఫీసువాళ్లు ఫోను చేస్తే విదేశీ రింగు వినిపిస్తుందని ఇద్దరి ఫోన్లూ ఆపి అదే నగరంలో ద్వారక కాలనీలోని తమ ఇంట్లో బీరువాలో పెట్టాడు. వేరే ఫోనులో కొత్త నంబరు తీసుకుని కొడుక్కి ఒక్కడికే ఇచ్చాడు. ఆ నంబరు ఉదయ్‌కి నోటికి రాదు.

సెలవు చీటీ మీద సంతకం పెట్టిన అధికారి రఘురామ్. ఉదయ్ పర్సులో తండ్రి కార్డు చూసి పోలీసులు ఆఫీసుకు ఫోను చేస్తే ఆయనే ఆసుపత్రికి వచ్చాడు.

"అమ్మావాళ్లెక్కడ్రా? ఫోన్లు కలవట్లేదు."

"రాజమండ్రి దగ్గర పల్లెటూరు, అంకుల్. సిగ్నల్ ఉండదు."

"ఈ రోజుల్లో సిగ్నల్ లేని ఊరా? మీ నాన్నకే దొరుకుతాయ్ ఇలాంటివి."

ఉదయ్ నవ్వబోయి పక్కటెముకలు పట్టుకున్నాడు. కడుపులో రక్తస్రావం అవుతోందని, ఆపరేషన్ తప్పదని, ప్రమాదం ఉందని డాక్టరు చెప్పింది.

"అమ్మతో మాట్లాడాలని లేదూ?"

"ఉంది అంకుల్."

"మరి ఊరి పేరు చెప్పు. మనిషిని పంపిస్తా."

ఉదయ్ రఘురామ్ వైపు చూశాడు. "నామ్ యాద్ నహీ, అంకుల్, పేరు గుర్తులేదు. శుక్రవారం వచ్చేస్తారు."

మధ్యాహ్నం రెండింటికి థియేటర్‌లోకి తీసుకెళ్లారు. బుధవారం ఉదయం 5.20కి చనిపోయాడు.

ఆ రోజు దీవిలో భార్యాభర్తలు రేవు మెట్ల మీద కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చున్నారు.

"నిన్నటి ఫొటోలు కూడా వాడికి చేరలేదండీ. ఒక్క టిక్కే ఉంది."

"పరీక్షలు కదా, ఫోను ఆపేసుంటాడు."

"రఘురామ్ గారికి ఒకసారి చేయండి."

"చేసి? గ్రీసు నుంచి నమస్కారం అనమంటావా? రెండ్రోజులాగు."

సుభద్ర మరో ఫొటో పంపింది.

రఘురామ్ కబురు పెడితే గురువారం రాజమండ్రి నుంచి శేషగిరి బంధువు పెద్దిరాజు ఆయనకి ఫోను చేశాడు. "వాళ్లిక్కడికి రాలేదండీ. మా ఇళ్లలో పెళ్లేం లేదు."

శుక్రవారం మధ్యాహ్నం 1.35కి ద్వారకలో వాళ్ల సొసైటీ గేటు ముందు టాక్సీ ఆగింది. రఘురామ్ ఎదురెళ్లాడు. శేషగిరి మొహం ఎండకు కమిలి ఉంది.

"రాజమండ్రిలో ఎండలు చంపేశాయండీ," అన్నాడు.

మృతదేహం మార్చురీకి చేరి అప్పటికి మూడో రోజు.