రెక్కల మామ్మ గొంతు విన్నదాన్ని

నేను ఒక మైకును. పెళ్లి పందిళ్లలో కూతలు పెట్టే రకాన్ని కాదు. డబ్బింగ్ థియేటర్లో, మనిషి పెదాలకు జానెడు దూరంలో నిలబడి పనిచేసేదాన్ని. ఎక్కడో చలిదేశంలో పుట్టాను. మద్రాసులో ఒక పాటల స్టూడియో నన్ను కొనుక్కుంది. అది కాస్తా కళ్యాణ మండపమయ్యాక హైదరాబాదులో కామేశంగారి చేతికి వచ్చాను. పరదేశపు సినిమాలకు తెలుగు మాటలు చెప్పించడం ఆయన పని.

మనుషుల్ని నేను ఊపిరితో గుర్తుపడతాను. లోకాన్ని కాపాడే వీరుడికి గొంతిచ్చేవాడు రోజూ ఉల్లి పకోడీ తిని వచ్చేవాడు. తెరమీద మాత్రం అతను ఏడాదిగా ఉపవాసం.

ఆ సినిమా పేరు అగ్నిశిఖర రాజ్యం. మూడు భాగాలు. అందులో కొండ గుహలో ఒక ముసలి డ్రాగన్ ఉంటుంది. దానికి గొంతివ్వడానికి శ్రీకాకుళం నుంచి వరహాలమ్మ అనే నాటకాలావిడ వచ్చింది. "ఓ మానవా, నీ రాకకు కారణమేమి?" అన్నది రాసిచ్చిన మాట. మాట అయిపోయింది, తెరమీద డ్రాగన్ నోరు ఇంకా ఆడుతోంది. ఖాళీ నింపాలి కదా! వరహాలమ్మ ఆలోచించకుండా, "మొకం పీక్కుపోనాది, ఏటీ తిన్నేదేటిరా నాయనా?" అనేసింది. కామేశంగారు నవ్వి, దాన్ని అలాగే ఉంచేశారు.

హాళ్లలో ఈలలే ఈలలు. పత్రికలవాళ్లు గ్రాఫిక్స్ గురించి పేజీలు నింపారు. స్టూడియో వెతుక్కుంటూ వచ్చిన ఒక పెయింటరు మాత్రం, "పదకొండుసార్లు చూశానండీ. అంతేసి రెక్కలుండి కూడా మనిషిని ముందు తిన్నావా అని అడిగింది చూశారా, అందుకండీ" అన్నాడు. రెండో భాగం వచ్చేసరికి జనం దాన్ని రెక్కల మామ్మ అని పిలవడం మొదలుపెట్టారు.

మూడో భాగంలో మామ్మ చచ్చిపోతుంది. చివరి మాట, "నేను వెళ్లిపోతున్నాను వీరుడా." వరహాలమ్మ కాగితం దించేసింది.

"ఇది నా నోట రాదు బాబూ. ఎల్లొస్తానని రాయండి."

"చనిపోతోంది కదా మేడమ్, మళ్లీ ఎలా వస్తుంది? కథే తప్పవుతుంది" అన్నాడు సినిమా తీసిన పరదేశపు కంపెనీ తరఫున వచ్చిన మనిషి.

"రాకపోతే పోనీ. అనడానికేటి?"

"రాసింది రాసినట్టు కావాలన్నారు. లేదంటే వేరే గొంతుతో మూడు భాగాలూ మళ్లీ చేయిస్తారట."

ఆవిడ ఊపిరి నా మీద వణికింది. డెబ్బయ్యో ఏట జనం గుర్తుపట్టిన గొంతు అది. రాసినట్టే చెప్పబోయింది. "నేను వెళ్లి..." దాకా వచ్చి ఆగిపోయింది.

అద్దాల గదిలోంచి కామేశంగారు బయటికొచ్చారు.

"ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే మా ఆవిడ సుభద్ర, వెళ్లొస్తానండీ, అంది. రాలేదు. ఆరేళ్లయింది. అది అబద్ధమని నాకు ఒక్కనాడూ అనిపించలేదు బాబూ. ఆ మాట అనకుండా వెళ్లుంటే ఏమైపోయేవాణ్నో."

కంపెనీ మనిషి ఫోను జేబులోంచి తీశాడు. "ఒక్క టేక్ తియ్యండి సార్. పైవాళ్లకు వినిపిస్తాను" అన్నాడు. ఒక్కటే టేక్. అంత మెల్లని మాటను నేను అంతకుముందు పట్టలేదు. పైవాళ్లు ఏమనుకున్నారో నాకు తెలీదు. మాట మాత్రం ఉండిపోయింది.

విడుదలనాడు ఉదయం ఆట చూసి, వరహాలమ్మ తిన్నగా వచ్చి నా ముందు కూర్చుంది.

"ఏమన్నారమ్మా జనం?" అని సౌండ్ ఇంజనీరు షరీఫ్ అడిగాడు.

"ఒక్క ఈల నేదు బాబూ. నా గుండె జారిపోనాది. అంతలో ఎనకనించి ఎవుడో, ఎల్లిరా మామ్మా, అన్నాడు. ఆ తరవాత హాలు హాలంతా అదే మాట."

చెబుతూ కొంగుతో ముక్కు తుడుచుకుంది. కామేశంగారు టీ తెప్పించారు.

ఇప్పుడు కొత్త మైకులొచ్చాయి. నా తీగ తీసేసి, ముందు గదిలో బల్లమీద నిలబెట్టారు. అభిమానులు వచ్చి ఫొటోలు దిగుతారు. కొందరు ఎవరూ చూడకుండా నా మీదికి వంగి మామ్మతో ఏదో చెప్పుకుంటారు. తీగ లేదు కనక ఆ మాటలు ఎక్కడికీ పోవు. నా దగ్గరే ఉంటాయి.