చెల్లెలి వంతు వెలుగు

పొద్దున్నే వలయంలో కిరణం ఆగిపోయింది. ఆటస్థలమంత గుండ్రటి భవనంలో ఎలక్ట్రాన్లు ఆగకుండా పరుగెడితేనే ఆ భీకరమైన ఎక్స్‌రే వెలుగు పుడుతుంది. ఆ వెలుగులో పదార్థాల లోపలి నిర్మాణం చూడటానికి ఎక్కడెక్కడి పరిశోధకులో నమూనాలు పట్టుకొచ్చి పడిగాపులు కాస్తారు. మరమ్మతయ్యేసరికి సగం రోజు నాశనమైంది. మిగిలిన సమయాన్ని అందరికీ సమానంగా పంచాలని అక్కడి నియమం. పంచాల్సింది ఆ వెలుగును నమూనాల మీదికి వదిలే స్టేషన్ ఇన్‌ఛార్జి. ఆ రోజు వంతు కోసం వచ్చిన పరిశోధకుల్లో ఒకామెకు ఆ ఇన్‌ఛార్జి ఎవరో కాదు, తోడబుట్టిన అక్క.

అక్క అందరికీ పంచి, చెల్లెలికి సున్నా చుట్టింది.

చెల్లెలికి ఒళ్లు మండిపోయింది. ఆమె తెచ్చినవి జ్వరం తెప్పించే ఒక క్రిమి తాలూకు ప్రోటీన్ స్ఫటికాలు. నెలల తరబడి కంటికి రెప్పలా కాచుకుంటే నాలుగంటే నాలుగు తయారయ్యాయి. అందరూ చేసేట్టు గడ్డకట్టిస్తే పగిలిపోయే రకం కాబట్టి ద్రవం చుక్కల్లోనే తెచ్చింది. సాయంత్రానికి ఆ చుక్కలు ఆరిపోతాయి. ఆ సంగతి అక్కకు బాగా తెలుసు.

"ఎవరికీ లేని కోత నాకే ఎందుకు పెట్టావ్?"

అక్క కంప్యూటర్ మీంచి చూపు తిప్పలేదు. "నీకు గంట ఇచ్చినా చెల్లెలు కాబట్టే ఇచ్చిందంటారు. పోయినసారి ఒకాయన అననే అన్నాడు."

"ఆయన నోరు మూయించడానికి నా గొంతు కోశావన్నమాట."

"అంత పెద్ద మాటలెందుకే. మళ్లీ పెంచుకో."

మళ్లీ పెంచుకోవాలట, కుండీలో కొత్తిమీరలాగ.

చివరి బృందం అనుకున్నదానికంటే ముందే పని ముగించుకుని వెళ్లిపోయింది. స్టేషన్ ఖాళీగా ఉందని కారిడార్‌లో ఎవరో చెబితే గానీ చెల్లెలికి తెలియలేదు. పెట్టె పట్టుకుని పరుగెత్తింది. కిరణం వస్తోందని చెప్పే దీపం వెలుగుతోంది, లోపల నమూనా మాత్రం లేదు. గబగబా స్ఫటికాలను మైక్రోస్కోప్ కింద పెట్టి చూసింది. నాలుగూ ఎండి బీటలు వారాయి. అక్క అక్కడే కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది.

"ఖాళీ అయిందని ఒక్క ఫోన్ చేస్తే నీ సొమ్మేం పోయేది?"

"చేద్దామనే అనుకున్నానే. పక్క స్టేషన్ వాళ్లు ఇటే చూస్తున్నారు."

ఆ మాటతో చెల్లెలికి అరిచే ఓపిక కూడా పోయింది. ఆమె పెట్టె మూసి చంకన పెట్టుకుంది.

"నిన్ను నేను ఎక్కువేం అడగలేదక్కా. ముక్కూమొహం తెలియని వాళ్లకి ఎంత ఇచ్చావో అంతే ఇవ్వాల్సింది."

"వచ్చేసారి చూద్దాంలే."

"వచ్చేసారి వేరే స్టేషన్‌కి వెళ్తాను. అక్కడ నాకు అక్క ఉండదు. నా వంతు నాకిస్తారు."