ఇరవయ్యో జోడీ

మార్కాపురంలో బట్టల దుకాణం నడిపే వెంకటకృష్ణకు ఇంగ్లండు టెన్నిస్ ఆటగాడు ఆలన్ విట్బీ చరిత్ర కంఠోపాఠం. చీర ధర మర్చిపోతాడు గానీ ఇది మర్చిపోడు. ఒంటరిగా ఆడినన్నాళ్లూ విట్బీకి ఓటమే. డబుల్స్‌కు మారి, పదమూడేళ్లలో పంతొమ్మిది మంది జోడీలను మార్చి, చివరికి ఇరవయ్యో వాడితో కప్పు కొట్టాడు.

"చూసినావా అన్నా! జోడీ మారిస్తేనే గెలిచినాడు," అని ఊరి టెన్నిస్ క్లబ్బులో రోజూ చెప్పేవాడు. ఎవరికనుకున్నారు? పదకొండేళ్లుగా తన జోడీగా ఆడుతున్న తర్లుపాడు రైతు మాలకొండయ్యకే!

"పంతొమ్మిది మందా? ఆయన్తో ఎవురూ వేగలేకపోయినారేమో శెట్టీ," అని మాలకొండయ్య నవ్వేసేవాడు.

అసలు సంగతేమిటంటే, వచ్చే నెల ఒంగోలులో యాభై దాటినవాళ్ల పోటీలు. ఇద్దరూ ఎనిమిదిసార్లు వెళ్లి, ఎనిమిదిసార్లూ మొదటి ఆటలోనే ఓడి వచ్చారు. ఈసారైనా కప్పు తేకపోతే వెంకటకృష్ణకు నిద్ర పట్టేలా లేదు. తప్పంతా మాలకొండయ్య మోకాలి నొప్పిదేనని తేల్చాడు. తన సర్వీసులు సగం వలకే తగులుతాయన్నది లెక్కలోకి రాలేదు, మహానుభావుడికి!

ఒక సాయంత్రం కొత్త బ్యాంకు మేనేజరు బ్రహ్మం దగ్గరికి వెళ్లి, మనిద్దరం జత కడదామన్నాడు.

బ్రహ్మం ఇబ్బందిగా నవ్వాడు. "దసరా నుంచి మాలకొండయ్యగారిని నాతో ఆడమని బతిమాలుతున్నానండీ. రానంటున్నారు. కాడికింద ఎడమవైపు దాపటెద్దును విప్పుకుపోతే, కుడివైపు వలపటది మేత ముట్టదన్నారు."

వెంకటకృష్ణకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున మాలకొండయ్య కోర్టు పక్కన కూర్చుని మోకాలికి పట్టీ చుట్టుకుంటున్నాడు.

"బ్రహ్మం సారు నిన్ను అడిగినాడంట గదా. నాకెందుకు చెప్పలేదన్నా?"

మాలకొండయ్య తల ఎత్తలేదు. "చెప్తే, సంతోషంగా పొమ్మంటావని భయమేసింది శెట్టీ."

వెంకటకృష్ణకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. కింద చతికిలబడి, ఆ పట్టీ లాక్కుని తానే చుట్టడం మొదలుపెట్టాడు.

"ఒంగోలుకు మనమే పోదామన్నా."

"మళ్లీ ఓడిపోతే?"

"ఓడిపోదాంలే."

"అంత బిగించి కట్టినావేంది, నడవాల గదా!" అన్నాడు మాలకొండయ్య.