వంకాయ ఆవు

"ఆ వంకాయ నాకు కావాలి అత్తయ్యా," అంది లువా.

"నాకూ కావాలి, ఊరేయడానికి," అంటూనే కికుయే దాన్ని పలక మీద పెట్టి చక్రాల్లా తరిగేసింది. "మీ వియత్నాంలో వంకాయలు కాయవేమో. బుట్ట అడుగున దాచి మరీ చూసుకుంటున్నావు."

"ఒక్కటేగా అడిగింది."

"ఉన్నదీ ఒక్కటేగా."

పేపరు వెనకనుంచి మామగారు తొకుజి గొంతు వినిపించింది. "వంకాయ కోసం యుద్ధం జరిగినట్టు నేనెక్కడా చదవలేదు. ఈ ఇంటికి ఆ పేరైనా దక్కనివ్వండి."

"మీ టీ చల్లారిపోతోంది, తాగండి," అంది కికుయే.

వంకాయ దేనికో ముగ్గురికీ తెలుసు. ముగ్గురిలో ఎవరూ పైకి అనలేదు. జపాన్‌లో బోన్ పండుగ రోజుల్లో పోయినవాళ్ళు ఇళ్ళకు వస్తారు. త్వరగా రావడానికి కీరా దోసకాయకు పుల్లలు గుచ్చి గుర్రాన్ని చేసి పెడతారు. వెనక్కి నిదానంగా, దిగులు లేకుండా వెళ్ళడానికి వంకాయతో ఆవును చేస్తారు. చివరి సాయంత్రం ఏటిలో దీపాలు వదిలి సాగనంపుతారు. ఆ రేవు ఊళ్ళో ప్రతి ఇంటి పూజాపీఠం మీదా రెండూ ఉంటాయి. వీళ్ళ పీఠం మీద మూడేళ్ళుగా గుర్రం ఒక్కటే నిలబడుతోంది.

లువా భర్త కోహెయి ఎక్కిన చేపల పడవ మూడేళ్ళ కిందట తిరిగి రాలేదు. తక్కినవాళ్ళ శవాలు ఒడ్డుకు చేరాయి. అతనిది చేరలేదు. "నా కొడుకు ఇంటికి రావాలని గుర్రం పెడుతున్నాను, వచ్చినవాణ్ణి పొమ్మని తోలడానికి ఆవెందుకు?" అనేది కికుయే. బతికున్నవాడికి గుర్రమెందుకే అని తొకుజి ఒకసారి అడిగాడు. ఆ పూట ఆయనకు అన్నం వడ్డించినవాళ్ళు లేరు.

కోహెయి వచ్చాడనే లువా నమ్మకం. మొదటి ఏడాది గుర్రమెక్కి వచ్చాడు, వెళ్ళడానికి దారి లేక ఇక్కడే ఉండిపోయాడు. గాలి లేని మధ్యాహ్నాల్లో గదిలో సముద్రపు వాసన వేస్తుంది. మేడమెట్ల మీద ఎవరూ లేకుండానే మధ్య మెట్టు కిర్రుమంటుంది. గుమ్మంలో ఉన్న అతని నీలం రబ్బరు చెప్పుల్ని లువా రోజూ వీధివైపు తిప్పి పెడుతుంది. తెల్లవారేసరికి అవి ఇంటివైపు తిరిగి ఉంటాయి. అది అత్తగారి పని అనుకుని ఊరుకునేది. లువాకు భయం లేదు. కోహెయి తడి బట్టలతో గోడవారగా నిలబడి, కూర్చోమని చెప్పేవాళ్ళు లేక అలాగే ఉన్నాడేమోననే బాధ ఒక్కటే ఆమెను పడుకోనిచ్చేది కాదు. వాళ్ళ ఊళ్ళో అమ్మమ్మ ఏటిలో మొదటి దీపం ఎవరూ లేని దిక్కులేనివాళ్ళకు వదిలేది. ఇతనికి అందరూ ఉన్నారు, సాగనంపేవాళ్ళే లేరు.

సాయంత్రం ముగ్గురూ ఏటిగట్టుకు వెళ్ళారు. గుడివాళ్ళు బల్లమీద కాగితపు దీపాలు పేర్చి పేర్లు రాసి ఇస్తున్నారు. కికుయే, ఎప్పుడో పోయిన తన మామగారి పేరు చెప్పి ఒకటి తీసుకుంది. లువా ఆ జనంలో వెనకబడి ఇంకొకటి తీసుకుని, కుంచె అడిగి తన చేత్తోనే రాసుకుంది. జపనీస్ లిపిలో ఆమె తప్పులేకుండా రాయగలిగిన మొదటి పేరు కోహెయి.

ఆటు వేళ, నీరు సముద్రంలోకి తీస్తోంది. దీపాలన్నీ ఒకదాని వెనక ఒకటి వంతెన కింద నుంచి సముద్రం వైపు సాగిపోతున్నాయి. కోహెయి తాతగారి దీపమూ వాటి వెంటే వెళ్ళింది. లువా పక్కకు వెళ్ళి తన దీపాన్ని వదిలింది. అది వంతెన దాకా వెళ్ళింది, ఆగింది, నెమ్మదిగా తిరిగి ప్రవాహానికి ఎదురుగా రాసాగింది. వెళ్తున్న దీపాలు దానికి దారి ఇచ్చినట్టు రెండు వైపులకూ తప్పుకున్నాయి. అది కికుయే నిలబడిన మెట్టుకు తగిలి ఆగింది.

"నీరు తీస్తోందే," అన్నాడు తొకుజి చిన్నగా.

కికుయే వంగి పేరు చదివింది. లువా తిట్లకు సిద్ధపడి నిలబడింది. కికుయే దీపం కొట్టుకుపోకుండా చేయి అడ్డంపెట్టింది. తర్వాత అంది:

"ఇంట్లో చెప్పులు లోపలివైపు తిప్పుతున్నది నువ్వేననుకున్నానమ్మాయ్. పిచ్చిపిల్ల, మొగుడి కోసం ఎదురుచూస్తోందనుకున్నాను."

"నేను వీధివైపు పెడుతున్నాను అత్తయ్యా. తిప్పేది మీరేననుకున్నాను."

ఇద్దరూ తొకుజి వైపు చూశారు. "నాకు నడుం వంగదు కదా," అన్నాడాయన.

కికుయే దీపాన్ని నీళ్ళలోంచి ఎత్తి, ఆర్పకుండా, గాలి తగలకుండా కొంగులా చేతిగుడ్డ అడ్డంపెట్టుకుని ఇంటికి నడిచింది. గుమ్మంలో చెప్పులు లోపలివైపే చూస్తున్నాయి. ఆమె ఆ రోజు వాటిని దాటలేదు, చుట్టూ తిరిగి వెళ్ళింది.

భోజనాల దగ్గర ఎప్పటిలాగే కోహెయి గిన్నెలో అన్నం పెట్టింది. దాని పక్కన దీపం ఉంచింది. ఊరేసిన వంకాయ చక్రాలు మధ్యలో ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు. మేడమెట్టు ఒకసారి కిర్రుమంది. ఎవరూ తలెత్తలేదు.

"వాడు వెళ్ళాలనే చూస్తున్నాడు, నేను పొమ్మననిదే కదల్లేక నా కాళ్ళ దగ్గరికి తిరిగొచ్చాడు," అంది కికుయే అన్నం వైపే చూస్తూ. "నేనే గుమ్మంలో నిలబెట్టేశాను."

"బోన్ ఇవాళ్టితో అయిపోయిందిగా," అన్నాడు తొకుజి.

"మూడేళ్ళు ఆగినవాడు ఒక్క రాత్రి ఆగలేడా? పొద్దున్నే ఆవును చేసి పెడతాను. దీపం మళ్ళీ వదులుదాం, ఈసారి నేనే వదులుతాను." గిన్నె పక్కకు జరిపి కోడలి వైపు తిరిగింది. "లువా, తెల్లవారగానే సంతకు వెళ్ళి వంకాయ తీసుకురా. పెద్దది చూడు. వాడు బరువైన మనిషి."