పొద్దున్నే రాసిన సాయంత్రం అంకె

టీకాల గదిలో ఫ్రిజ్ తలుపుకి ఒక అట్ట వేలాడుతూ ఉంటుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి లోపలి థర్మామీటర్ చూసి, ఎన్ని డిగ్రీలుందో దాని మీద రాసి సంతకం పెట్టాలి. ఇది ఆసుపత్రి నియమం. ఎనిమిది దాటితే టీకా మందు పాడైపోతుంది. ఇరవై రెండేళ్లుగా అక్కడ పనిచేస్తున్న పెద్ద సిస్టర్ మాత్రం రెండు గడులూ పొద్దున్నే నింపేసేది. రెండింట్లోనూ నాలుగే. పోనుపోను పొద్దున కూడా థర్మామీటర్ వైపు చూడడం మానేసింది.

"నా కాపురమన్నా అటూ ఇటూ అయిందేమో గాని, ఈ నాలుగు ఎప్పుడూ ఐదు కాలేదే," అని కొత్తగా చేరిన చిన్న సిస్టర్‌తో నవ్వుతూ అనేది. మనలో ఎందరం మన మన పనుల్లో ఇలా నవ్వేసి ఊరుకోలేదు?

బుధవారం పొద్దున చిన్న సిస్టర్ ఫ్రిజ్ తెరిచేసరికి థర్మామీటర్ పదిహేను చూపిస్తోంది. వెంటనే డాక్టరమ్మని పిలుచుకొచ్చింది. డాక్టరమ్మ అట్ట చూసింది. మంగళవారం సాయంత్రం వరకూ నాలుగే.

"నిన్నటిదాకా బాగానే ఉంది. ఆఖర్న ఐసు ప్యాకులు సర్దింది నువ్వేగా? తలుపు సరిగ్గా వేసుండవు."

"వేశానండీ..."

"ఆవిడ రాసింది అబద్ధమంటావా? రేపట్నించి నువ్వు రానక్కర్లేదు."

అప్పుడే డ్యూటీకొచ్చిన పెద్ద సిస్టర్ గుమ్మంలోనే ఆగిపోయింది. నిన్న పదకొండు మంది పిల్లలకి తనే టీకాలు వేసింది. సీసాలు చేతిలోకి తీసుకుంటే చల్లగా తగల్లేదు. ఎండకి అనుకుంది. ఇప్పుడు నోరు మెదపకపోతే ఆ పిల్లల్ని ఎవరూ తిరిగి పిలవరు. టీకా పడిందన్న ధీమాతో తల్లులు నిశ్చింతగా ఉండిపోతారు.

"ఆ పిల్లనేమీ అనకండి. ఆ అంకెలు నేను చూసి రాసినవి కావు."

"ఏంటి?" అంది డాక్టరమ్మ. రెండోసారి చెప్పడం ఇంకా కష్టమైంది.

పదకొండు ఇళ్లకీ తనే ఫోన్ చేసింది. మర్నాడు అందరికన్నా ముందొచ్చిన తల్లి బిడ్డని పొదువుకుని నిలబడింది.

"మీ చెయ్యి తేలికని, దగ్గర్లో ఆసుపత్రి ఉన్నా ఇంతదూరం మీ దగ్గరికే తెచ్చాను సిస్టర్. మళ్లీ పొడిపించడానికా?"

"తప్పు నాదేనమ్మా."

"అయితే ఈసారి ఆ అమ్మాయి చేత వేయించండి."

చిన్న సిస్టర్ సూది వేస్తుంటే పెద్ద సిస్టర్ తలొంచుకుని బిడ్డ కాలు పట్టుకుంది. తల్లి మొహం చూడలేకపోయింది.

వాళ్లు వెళ్లాక చిన్న సిస్టర్ మెల్లగా అంది. "మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేదే కాదు అక్కా."

"అదేనమ్మా నా సిగ్గు. నా పని సరిగ్గా ఉందా లేదా అని ఎవరూ చూడరు, అంత నమ్మకం. అందుకే అనుభవం పెరిగేకొద్దీ నియమాన్ని ఇంకా గట్టిగా పట్టుకోవాలి. మన తప్పుని ఆపేవాళ్లు అప్పటికి మనం తప్ప ఎవరూ మిగలరు."